ఆపమన్నది ఎవరు?

మీరు పనిచేసే చోట ఎవరైనా "ఆపండి" అని అరిస్తే, మీరు ముందు పని ఆపుతారా, లేక అరిచింది ఎవరో చూసి, వాళ్ల మాటకు విలువివ్వాలా వద్దా అని తేల్చుకుంటారా? నాకు జవాబు చెప్పనక్కర్లేదు. మీకు మీరు చెప్పుకుని, ఆ తర్వాత ఇది చదవండి.

నేను దయ్యాలను నమ్మను. ఇది రాస్తున్న ఈ రోజుకూ నమ్మను. రాయదుర్గంలో మా నాయన బట్టలు కుట్టే కొట్టు ఉండేది. సాయంత్రమైతే అక్కడ బట్టల కంటే వాదనలే ఎక్కువ తెగేవి. ఫలానా చోట కొరివి దయ్యం కనబడిందని ఎవరైనా అంటే నాయన మిషను తొక్కడం ఆపి ఒకే ప్రశ్న వేసేవాడు. "నువ్వు చూసినావా, చూసినోడు చెప్తే విన్నావా?" నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కాలేజీ చదువు అయ్యేవరకు, ఆ ప్రశ్నకు "నేనే చూసినా" అని గట్టిగా నిలబడినవాడు ఒక్కడూ లేడు. పదో తరగతిలోనే నేను బాణామతి మీద బడిలో చర్చ పెట్టించి, తలనొప్పికి తాయెత్తు కట్టుకొచ్చిన మా లెక్కల సారు చేతనే దాన్ని విప్పించాను. నేను ఎలాంటి మనిషినో తెలియాలని ఇదంతా చెబుతున్నాను. ఎందుకంటే నాయన ప్రశ్నకు ఇప్పుడు నేనే జవాబు చెప్పాల్సి వచ్చింది. చూడలేదు నాయనా, విన్నాను. ఎవరో చెబితే వినలేదు. నా చెవులతోనే విన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి కరువు ఏళ్లవి. అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, పెద్ద బరువులు ఎత్తి మోసుకెళ్లే ఒక కంపెనీలో చేరాను. మామూలు లారీ మోయలేని వస్తువులు ఉంటాయి కదా: బాయిలర్లు, కరెంటు స్టేషన్ల ట్రాన్స్‌ఫార్మర్లు, గాలిమరల భాగాలు. వాటిని వరసల కొద్దీ చక్రాలున్న ట్రెయిలరు మీద పెట్టి, ముందు పుల్లరు అనే బలమైన బండితో లాగిస్తారు. వెనక చక్రాలను తిప్పడానికి ట్రెయిలరు మీదే ఇంకో మనిషి కూర్చుంటాడు. మొత్తం బండి మనిషి నడక కంటే మెల్లగా కదులుతుంది. మా శాఖలో ఆ బండి పక్కన నడిచే ఇంజనీర్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

ఈ పనికి పుస్తకాల్లో ఒక నియమం ఉంది. కదలమనడానికి ఒక్కరికే హక్కు. ఆపమనడానికి అందరికీ హక్కు. ఎవరు "ఆపు" అన్నా ఆపాలి. కారణం తర్వాత అడగాలి.

పుస్తకంలో ఉంది. యార్డులో లేదు. నేను చేరిన కొత్తలోనే, క్రేను ఇనుప కడ్డీల కట్టను ఎత్తుతుంటే యార్డు ఊడ్చే లక్ష్మక్క "తాడు జారతాండాది, నిలపండి" అని అరిచింది. సూపర్‌వైజరు వెనక్కి కూడా తిరగకుండా, చీపురు పని చూసుకొమ్మన్నాడు. కట్ట జారి ఓబులేసు అనే మనిషి పాదం మీద పడింది. ఓబులేసు బతికాడు కానీ కుంటి నడక మిగిలింది. అప్పటి నుంచి అతన్ని ట్రెయిలరు వెనక చక్రాలు తిప్పే సీటులో కూర్చోబెట్టారు.

ఆ రోజు లక్ష్మక్క మాట వినబడలేదా? అందరికీ వినబడింది. వినాల్సిన మాటగా ఎవరికీ తోచలేదు. మన దేశంలో చెవుడు చెవుల్లో ఉండదు.

ఆ నియమాన్ని మా బండి మీద అమలు చేయాలని మేనేజరు వెంట పడ్డాను. ఆయన మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి ఒక షరతు పెట్టారు. గుమ్మఘట్ట వైపు కొత్తగా కడుతున్న సబ్‌స్టేషనుకు ట్రాన్స్‌ఫార్మరు తీసుకెళ్లాలి. ఆ ఒక్క ప్రయాణానికి నీ రూలు పెట్టుకో అన్నారు. ఒక్కసారి ఉత్తపుణ్యానికి బండి ఆగినా రూలు పోతుంది, నువ్వూ హైదరాబాదు ఆఫీసులో కూర్చుని బొమ్మలు గీసుకోవాల్సి వస్తుంది అని కూడా అన్నారు. ఒప్పుకున్నాను.

బయల్దేరే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మా వాళ్ల అలవాటు. నేను అడ్డుపడలేదు. నిమ్మకాయ పెట్టిన ప్రతి చక్రం నట్లు కూడా బిగించి చూడాలన్నాను. పుల్లరు నడిపే హుస్సేన్ అన్న పగలబడి నవ్వాడు. నిమ్మకాయలు తొందరగా అయిపోయినాయి, నట్లు పొద్దెక్కేదాకా అయిపోలేదు.

దారిలో వేదవతిలో కలిసే ఒక వంక ఉంది. దాని ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే కొబ్బరికాయలు పట్టుకుని బయల్దేరేవాళ్లు ఉంటారు.

వంక మీది కల్వర్టు మా బరువుకు ఆగదు. అలాంటి చోట పక్కనే వంకలోకి దిగి, ఇసుక మీద గ్రావెల్ పోసి, దాని మీద ఇనుప ప్లేట్లు పరిచి తాత్కాలిక దారి వేస్తాం. వంకలో ఏళ్ల తరబడి నీళ్లు లేవు. ఊరికి ట్యాంకరు నీళ్లే దిక్కు. ఊరి ఆడవాళ్లు, ఊరి బయటి ఎస్సీ కాలనీ ఆడవాళ్లు వేరువేరు వరసల్లో బిందెలు పెట్టుకుని, మేం దారి వేస్తుంటే చూసేవాళ్లు.

బండి దిగేదానికి ముందు రోజు నేను ఆ రెండు వరసల దగ్గరికీ వెళ్లి చెప్పాను. రేపు మా బండి పోతున్నప్పుడు ఏదైనా తేడాగా కనబడితే మీలో ఎవరైనా సరే "నిలపండి" అనండి, నిలిపేస్తాం అన్నాను. కాలనీ వరసలో ఒకామె అంది.

"మేం నిలపమంటే ఇంట్లో మొగుడే నిలపడు. ఇంత బండి నిలుస్తాదా మేడమ్మా?"

రెండు వరసలూ కలిసి నవ్వాయి. ఆ ఊళ్లో ఆ రెండు వరసలూ కలిసి చేసిన పని అప్పటికి అదొక్కటే అనుకుంటాను.

మర్నాడు పొద్దున్నే బండి వంకలోకి దిగింది. మా దగ్గర నాలుగు వాకీటాకీలు ఉన్నాయి. ఒకటి నా చేతిలో, ఒకటి పుల్లరు క్యాబిన్‌లో హుస్సేన్ అన్న దగ్గర, ఒకటి వెనక ఓబులేసు దగ్గర, నాలుగోది అవతలి గట్టు మీద జీపులో మేనేజరు దగ్గర. అయిదోది లేదు. జనం రెండు గట్ల మీదా నిలబడి ఉన్నారు. వంకలోకి ఎవరూ దిగకుండా తాడు కట్టాం.

ఇసుకలో ఇంత బరువును మధ్యలో ఆపకూడదు. ఆగితే చక్రాలు దిగబడతాయి, మళ్లీ కదిలించడం నరకం. అందుకే ఒకే ఊపున అవతలి గట్టు ఎక్కాలని అనుకున్నాం. పుల్లరు వంక మధ్యకు వచ్చింది. ట్రెయిలరు ఎడమ పక్కన, ముందు చక్రాలకు ఎదురుగా, వెనక్కి నడుస్తూ నేను. నా కళ్లు చక్రాల మీద, వాటి వెనక సీటులో ఉన్న ఓబులేసు మీద ఉన్నాయి.

అప్పుడు నా వాకీటాకీలో ఒక ఆడమనిషి గొంతు పలికింది.

"నిలపండప్పా. ఈడ నీళ్లుండాయి."

అరుపు కాదు. భయం లేదు. వాకిట్లోకి వచ్చిన బండివాణ్ణి ఆపినంత మామూలుగా ఉంది. అదేమిటని నేను అనుకునేలోపే బండి ఆగిపోయింది. హుస్సేన్ అన్న ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఆపేశాడు.

మేనేజరు గట్టు దిగి, ఇసుకలో బూట్లు కూరుకుపోతుండగా పరుగున వచ్చారు. ఎవరు ఆపమన్నారని అడిగారు. హుస్సేన్ అన్న నావైపు చూశాడు. నేను కాదన్నాను. ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. నిజానికి నాకు ఓబులేసు మీద అనుమానమే లేదు. ఆ గొంతు పలికినప్పుడు అతను నాకు కనిపిస్తూనే ఉన్నాడు, రెండు చేతులూ చక్రాలు తిప్పే మీటల మీద ఉన్నాయి, మూతి బిగించి ఉంది. మరి ఎవరు?

"నీళ్లా? ఈ జిల్లాలోనా?" అన్నారు మేనేజరు. ఆయన ముఖంలో కోపం కంటే గెలుపు ఎక్కువగా కనబడింది. నా నియమం ఆ ఇసుకలోనే సమాధి అయిందని ఆయన అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎవరన్నారో తెలియని మాటకు, కరువు వంకలో నీళ్లున్నాయనే మాటకు, ఆపకూడని చోట బండిని ఆపించాను. హైదరాబాదు ఆఫీసులో నా బల్ల ఏ మూల వేస్తారో కూడా ఊహించుకున్నాను.

ఇక పోనీయమని ఆయన హుస్సేన్ అన్నకు చెప్పారు. హుస్సేన్ అన్న నావైపే చూశాడు. నియమంలో రెండో సగం కూడా ఉంది. ఆపిన తర్వాత చుట్టూ తిరిగి చూడకుండా కదలకూడదు. కదలమనే హక్కు ఆ రోజు నాది. నేను చూడాలన్నాను.

ఓబులేసు దిగి, కుంటుకుంటూ గడ్డపార తెచ్చాడు. ఇద్దరం ప్లేట్ల అంచుల వెంట పొడుస్తూ వెళ్లాం. కుడిపక్క గట్టిగా ఉంది. ఎడమపక్క, ముందు చక్రానికి మనిషి పొడవు దూరంలో, గడ్డపార "డంగ్" అంది. ఇసుక చేసే చప్పుడు కాదది. బోలుగా ఉన్నదేదో చేసే చప్పుడు.

ప్లేటు లాగించి తవ్వించాం. ఇసుక కింద ఒక రాతి బండ. అప్పటికే మధ్యకు బీటవారి ఉంది. బండను పక్కకు జరిపితే కింద గుండ్రంగా రాళ్లు పేర్చిన గుంత, మనిషి నిలువు లోతు. అడుగున నీళ్లు. ఆకాశం కనబడేటంత తేట నీళ్లు.

మేనేజరు టోపీ తీశారు.

అది పాత చెలమ. వంక ఎండినప్పుడు ఇసుకలో గుంత తవ్వి, ఊరిన నీళ్లు తోడుకుంటారు కదా, అదే. కుక్కలు, మేకలు పాడు చేయకుండా, పక్క ఊరివాళ్ల కంట పడకుండా దాని మీద బండ పెట్టి, ముళ్లకంప వేసి, ఇసుక కప్పడం ఇక్కడి అలవాటు. తర్వాత బోర్లు వచ్చాయి. కప్పినవాళ్లు పోయారు. బోర్లు ఎండినప్పుడు ఈ చెలమ సంగతి గుర్తున్నవాళ్లు లేరు. గ్రావెల్ తెచ్చిన టిప్పర్లు, పుల్లరు దాని పక్కనుంచి పోయాయి. ట్రెయిలరు వాటికంటే వెడల్పు. ఇంకాస్త ముందుకు పోయి ఉంటే ఎడమ చక్రాలు ఆ గుంతలోకి దిగేవి, ట్రాన్స్‌ఫార్మరు ఎడమకు ఒరిగేది. ఎడమ పక్కన నేనున్నాను.

దారిని కుడికి జరిపి, ప్లేట్లు మళ్లీ పరిచి, దిగబడిన చక్రాలను జాకీలతో లేపాం. పొద్దు వాలేలోపు బండి అవతలి గట్టు ఎక్కింది. గట్టు మీద జనం ఈలలు వేశారు. హుస్సేన్ అన్న హారన్ ఆపకుండా మోగించాడు. ట్రాన్స్‌ఫార్మరు మర్నాడు సబ్‌స్టేషనులో తన దిమ్మె మీద చీకటి పడకముందే కూర్చుంది. నా మొదటి బరువు అది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నేను ఏడ్చాను.

ఇక ఆ గొంతు. వంక దాటిన సాయంత్రమే మిగతా ముగ్గురినీ విడివిడిగా అడిగాను. మాట మాత్రం అందరికీ ఒకటే: నిలపండప్పా, ఈడ నీళ్లుండాయి. గొంతు దగ్గరే తేడా వచ్చింది. ఓబులేసు ముసలామె గొంతన్నాడు. మేనేజరు ఆడగొంతని మాత్రం అన్నారు. నాకు నడివయసు మనిషిలా వినబడింది. హుస్సేన్ అన్న అది నా గొంతే అనుకున్నాడట. సరిగా తెలియకుండానే ఎలా ఆపావని అడిగాను.

"నిలపమనినారు, నిలిపినా. ఎవురని అడిగినాక నిలిపితే అది రూలెట్ల అవుతాది మేడమ్?"

గట్టు మీది ఆడవాళ్లు ఎవరైనా మా వాకీటాకీ సెట్టు అందుకున్నారా? నాలుగూ మా చేతుల్లోనే ఉన్నాయి. ఎవరైనా గట్టు మీది నుంచి అరిచారా? క్యాబిన్ అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఇంజను మోతలో హుస్సేన్ అన్నకు పక్కమనిషి మాట కూడా వినబడదు. వేరే సెట్ల మాట మా సెట్లలోకి వచ్చిందా? నాకు అన్నిటికంటే నచ్చిన వివరణ ఇదే. ఆ రోజుల్లో పల్లెపల్లెనా బోరు లారీలు తిరుగుతుండేవి. ఏదో పొలంలో నీళ్లు పడి, ఎవరో నిలపమని అన్న మాట గాల్లో కొట్టుకొచ్చి మా చెవుల్లో పడిందేమో! ఎంత అందమైన వివరణ! దాని కోసం జీపు వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. ఆ వారంలో అటు బోరు వేయించినవాళ్లు దొరకలేదు. బోరు లారీల వాళ్లు సెట్లు వాడతారన్నవాళ్లూ దొరకలేదు. అది తప్పని తేల్చలేను, ఒప్పని చూపించలేను.

మా మేనేజరు, ఆ మాట అన్నామెకు పట్టుచీర పెడతానని ఊళ్లో చెప్పించారు. అబద్ధానికైనా ఒక్కరూ ముందుకు రాలేదు.

ఆ ఊళ్లో అందరికంటే పెద్దావిడ హనుమక్క. చెలమ చూడ్డానికి మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. చాలాసేపు లోపలికి చూసి, ఇది తన అత్త తవ్వించిన చెలమ అంది. ఏం వినబడిందో మేం చెబితే తల ఊపింది.

"మా అత్త అట్లే అంటాండె. బండ్లోళ్లు యాడ తొక్కుతారోనని పొద్దుగాల్నే వచ్చి ఈడ నిలబడి అట్లే అంటాండె."

నా ఒళ్లు జలదరించింది. దాచుకోవడం ఎందుకు? కానీ ఇంకోటి కూడా చెప్పాలి. మేం విన్న మాట చెప్పిన తర్వాతే ఆమెకు ఆ జ్ఞాపకం వచ్చింది. విన్న మాటను బట్టి జ్ఞాపకం రూపు మార్చుకుంటుందని నాయన కొట్లో ఎన్నోసార్లు వాదించినదాన్ని. అయినా ఒళ్లు జలదరించింది.

రెండో రోజుకే చెలమ ఒడ్డున పసుపు, కుంకుమ, వేపమండ వెలిశాయి. ఊరి పెద్దమనిషి ఒకాయన, మారెమ్మ తల్లే పలికింది కాబట్టి అక్కడ పూజకు అరుగులా కట్ట కట్టించి గంట వేలాడదీద్దామన్నాడు. జనమంతా అవునన్నారు. నేను లేచాను.

"మారెమ్మ నీళ్లయితే ముందు ఎవరు తోడాలని రేపే పంచాయితీ పెడతారు. కాలనీ వాళ్లను గట్టు మీదే నిలబెడతారు. చెలమ నీళ్లయితే ముందొచ్చినోళ్లు ముందు తోడుకుంటారు. మీకు ఏది కావాల?"

ఆయనకు కోపమొచ్చింది. ఏమ్మా, మరి పలికిందెవరో నువ్వు చెప్పు అన్నాడు. నాకు తెలీదన్నాను. తెలీనోళ్లకు మాటెందుకన్నాడు. తెలీదు కాబట్టే కట్ట కట్టొద్దంటున్నాను, తెలిసినవాళ్లలా కడుతున్నది మీరు అన్నాను. వాదన ముదిరింది. అప్పటిదాకా కూర్చుని ఉన్న హనుమక్క గొంతు సవరించుకుంది.

"కట్ట కడితే కడవ యాడ దించుకుంటారప్పా?"

ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత మగవాళ్లు. చివరికి ఆ పెద్దమనిషి కూడా మీసం కింద నవ్వాపుకోలేకపోయాడు. కట్ట ఆలోచన అక్కడితో పోయింది. ఆ ఎండాకాలమంతా ఆ చెలమ దగ్గర ఒకటే వరస నడిచింది. మొగుడే నిలపడు అన్న కాలనీ ఆమె బిందె ముందు, పెద్దమనిషి ఇంటి కోడలి బిందె వెనక ఉండగా నా కళ్లతో చూశాను. నేను మోయించిన బరువులన్నిటిలో అదే పెద్దది అనుకుంటాను.

మా మేనేజరు షరతు గురించి మళ్లీ ఎత్తలేదు. తర్వాత మా యార్డు గేటు మీద, ఆపమనే హక్కు అందరిదీ అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించింది ఆయనే. ఆ బోర్డు కింద మొదటిసారి క్రేను ఆపించింది లక్ష్మక్క. కొక్కెం సరిగానే ఉంది, ఆమె పొరబడింది. సూపర్‌వైజరు ఆమెకు టీ తెప్పించి, మళ్లీ అనుమానం వస్తే మళ్లీ చెప్పమన్నాడు. ఆ తర్వాత కొండల మీదికి గాలిమరలు ఎక్కించాను, ఎన్నో వంకలు దాటించాను. ఎన్నోసార్లు ఎవరో ఒకరు ఆపమన్నారు. ప్రతిసారీ అన్నదెవరో కనబడ్డారు, ఆ ఒక్కసారి తప్ప.

ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమని ఒప్పుకోను. తెలియనిదానికి పేరు పెట్టేసినంత మాత్రాన తెలిసినట్టు కాదు. కానీ వినలేదని కూడా అనలేను. నలుగురం విన్నాం. నాయన బతికి ఉన్నప్పుడే ఇదంతా చెప్పాను. ఆయన మిషను ఆపి, "తెలీదని చెప్పేదానికి భయపడొద్దు" అని మాత్రం అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

నాకు ఖాయంగా తెలిసింది ఒకటే. ఆ గొంతు ఎవరిదైనా, ఆ రోజు మమ్మల్ని కాపాడింది హుస్సేన్ అన్న కాలు. అది ఎవరని అడగకుండా బ్రేకు తొక్కింది. లక్ష్మక్క గొంతుకు ఆనాడు యార్డులో అలాంటి కాలు దొరికి ఉంటే, ఓబులేసు ఈ రోజు సరిగా నడిచేవాడు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రేపు పనిలోకి వెళ్లగానే, మీ చోట అందరూ తక్కువగా చూసే మనిషి ఎవరో వెతకండి. ఊడ్చే ఆమె కావచ్చు, బస్తాలు మోసే ఆయన కావచ్చు. పేరు తెలియకపోతే ముందు పేరు అడగండి. నువ్వు ఆపమంటే ఆపుతామని నలుగురి ముందు చెప్పండి. చెప్పి ఊరుకోకండి. ఆ మనిషి ఆపమన్న రోజున, ఎవరని చూడకుండా ఆపండి.